బలం బిళ్ల

లిఫ్ట్ తలుపు తెరుచుకునేసరికి ఫార్మసిస్టు నిలబడే చచ్చిపోయి ఉన్నాడు.

మూల గోడకు ఆనుకుని, కళ్లద్దాలైనా చెదరకుండా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. నిజానికి ఎదురుచూస్తున్నది ఏజెంటు కొరివి కోసమే. "పైకి రండి, ఫోన్లో చెప్పేది కాదు, ఒకటి చూపించాలి" అని అతను కబురు చేసి అరగంటైనా కాలేదు. కొరివి అతని మెడ మీద వేలు పెట్టి చూశాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. చెవి వెనక ఆవగింజంత ఎర్రటి చుక్క. సూదిపోటు. చంపినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడే.

కుడి పిడికిలి బిగిసి ఉంది. ఒక్కో వేలూ విప్పితే అరచేతిలో గులాబీ రంగు బిళ్ల కనబడింది.

కొరివి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ బిళ్ల అతనికి తెలుసు. అక్క తలగడ పక్కన ఎప్పుడూ అలాంటివి ఒక స్ట్రిప్పు ఉండేది. "బలానికిరా. హాస్పిటల్లో ఊరికే ఇస్తున్నారు. అసలు మందుతోపాటే వేసుకోమన్నారు" అనేది. బలం రాలేదు సరికదా, అక్కే లేకుండా పోయింది.

* * *

ఆ సంస్థకు బోర్డు లేదు. వీధి మొగలో డ్రైక్లీనింగ్ షాపు ఉంటుంది. కొరివి కౌంటర్ ముందు నిలబడి, "కాలర్ మరక ఇంకా పోలేదండీ" అన్నాడు.

"ఉప్పేసి రుద్దారా?"

"రుద్దితే చొక్కా పోయింది."

కౌంటర్ మనిషి తల కూడా ఎత్తకుండా ఒక మీట నొక్కాడు. వేలాడుతున్న కోట్ల వరస పక్కకు జరిగింది. వెనక గదిలో చాక్‌పీసు చేతిలో పట్టుకుని చీఫ్ నిలబడి ఉన్నాడు. బోర్డు మీద బొమ్మ గీయకుండా ఒక్క ముక్క చెప్పలేడు కాబట్టి అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. మనుషుల మీద కోపం చల్లారని ఏజెంటుకు కొరివి అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆయన పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుంది. జుట్టంతా నెరిసిపోయింది, కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి. చనిపోయిన ఫార్మసిస్టు ఆమె ల్యాబ్ మనిషే. హెచ్ఐవీకి ఎఫ్-41 అనే మందు కనిపెట్టిన డాక్టరమ్మ ఆమె.

"డాక్టరమ్మా, వీడికి మొదట్నుంచీ చెప్పండి" అన్నాడు మాస్టారు.

"వైరస్ మన రక్తకణంలోకి దూరుతుంది బాబూ. దూరి ఊరుకోదు. తన జన్యువును మన జన్యువుల మధ్య అతికించేస్తుంది. ఇక ఆ కణం బతికున్నన్నాళ్లూ దాని చాకిరీయే చేస్తుంది. ఆ అతికించే ఎంజైమ్ పేరు ఇంటిగ్రేజ్. దాని గుండెకాయలో మెగ్నీషియం ఉంటుంది. మా మందు పోయి ఆ లోహాన్ని పట్టుకుంటుంది. పట్టిందంటే ఉడుంపట్టే. అతికించడం ఆగిపోతుంది."

"మరి మీ మందే వేసుకున్న మా అక్కకెందుకు ఆగలేదు?"

ఆమె గులాబీ బిళ్ల చేతిలోకి తీసుకుంది. "ఆ మందుకి లోహం ఎక్కడ కనబడ్డా పట్టుకోవడమే తెలుసు. కడుపులోనే దొరికితే అక్కడే అతుక్కుపోతుంది. రక్తంలోకి రానే రాదు. దీన్నిండా మెగ్నీషియం, అల్యూమినియం. మొదటి ట్రయల్‌లో ఎవరో పేషెంట్లకి బలం బిళ్లలని చెప్పి ఇవి పంచారు. పాపం, వాళ్లు రెండూ కలిపి వేసుకున్నారు. మందు వేసుకుంటున్నాం అనుకున్నారు. ఒక్క చుక్కైనా ఒంట పట్టలేదు."

ఆ బిళ్ల వేసుకోవడానికి అక్కకి నీళ్లగ్లాసు కొరివే ఎన్నిసార్లు అందించాడో.

"మా ల్యాబ్‌లో చేసిన మొదటి అణువు ఎలుకల్లోనే విషమైంది. తర్వాతదానికి లివర్ ఒప్పుకోలేదు. ఒకటి బాగా పనిచేసింది గానీ పూటకు గుప్పెడు మింగాలి. నలభై ఒకటోది నిలబడింది. దీనికీ సైడ్ ఎఫెక్టులున్నాయి, నేనేం దాచలేదు. కొందరికి నిద్ర పట్టదు. పడితే కళ్లకు కట్టినట్టు కలలొస్తాయి. ఒళ్లు చేస్తారు. కిడ్నీ టెస్టులో ఒక అంకె పెరుగుతుంది, కిడ్నీకి మాత్రం ఏమీ కాదు. ఇవన్నీ నా చేత్తో నేనే రాశాను. ఇప్పుడు ఆ నిజాలనే నా మెడకు చుడుతున్నారు."

మాస్టారు బోర్డు మీద ఐదు సున్నాలు చుట్టాడు. "రేపు నిపుణుల కమిటీ కూర్చుంటోంది. ఐదుగురు. ముగ్గురు చెయ్యెత్తితే మందు రద్దు, ఉన్న స్టాకంతా తగలబెడతారు. మందు ఇక్కడ చస్తే ఫార్ములా కారుచవగ్గా కొట్టేద్దామని సముద్రం అవతలి ముఠా ఒకటి కాచుక్కూచుంది. ఫార్మసిస్టు తన దగ్గర బిళ్ల ఉందని ఆ ఐదుగురికే చెప్పాడు. గంటలో పోయాడు. అంటే ఈ ఐదు సున్నాల్లో ఒకటి ముఠా మనిషి. వైర్‌లెస్‌లో వాడి పేరు గుడ్లగూబ. బిళ్ల ఒక్కటే తీసుకెళ్లి చూపిస్తే, చచ్చినవాడి చేతిలో ఏముంటే ఏంటంటాడు. నాకు వాడు కావాలి. ప్రాణాలతో కావాలి."

"మాటివ్వలేను మాస్టారూ."

"నాయనా, నీకు అక్క పోయింది. నాకు తెలుసు. మేనకోడలు ఉంది కదా, అది కూడా గుర్తుంచుకో."

* * *

గుర్తుంచుకోవడమేమిటి! పొద్దున్నే వంటింట్లో స్టూలెక్కి కూర్చుని కాళ్లూపుతూ ఎదురుగానే ఉంది. ఎనిమిదో క్లాసు. పుట్టుకతోనే తల్లి దగ్గర్నుంచి వైరస్ వచ్చింది. మిగతా మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి. ప్రత్యేక అనుమతి మీద ఎఫ్-41 మొదలెట్టాకే స్కూలుకి పోతోంది, మెట్లెక్కుతోంది, ఎదురు సమాధానాలు చెబుతోంది. స్టాకు తగలబెడితే ఇంక దీనికి వేయడానికి ఏమీ లేదు. కొరివి ఆ సంగతి దానికి చెప్పలేదు.

బిళ్ల వేసుకుని గ్లాసుడు నీళ్లు గటగటా తాగింది.

"మామయ్యా, రాత్రి మళ్లీ అమ్మ కలలోకొచ్చింది."

"ఏమందే?"

"జడ సరిగా వేయడం నీకు రాదంది."

"పోనీ తనే వచ్చి వేయమనకపోయావా?"

"వేసిందిగా! అందుకే లేవబుద్ధి కాలేదు. డాక్టరమ్మ ఈ కలలు సైడ్ ఎఫెక్ట్ అంటుంది. తగ్గిపోయే మందిస్తానంటే నేనే వద్దన్నా."

కొరివి రిబ్బను ముడి మూడోసారి విప్పి కట్టాడు. అయినా కుదరలేదు. లోపలున్నది ఏడుపు కాదు, మంట.

* * *

కమిటీ భవనం కింద కార్ పార్కింగ్‌లో ముందు పరిమళం వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. ముఠాలో కొరియరు, మాస్టారుకి ఇన్ఫార్మరు. పైకి మాత్రం కమిటీ ప్రోటోకాల్ ఆఫీసరు. నల్లటి సిల్కు చీర, ముత్యాల చెవిపోగులు. ఎవరు పెట్టారో గానీ సెంటు మేడమ్ అన్న పేరు ఆమెకు అతికినట్టు సరిపోయింది.

"స్టీవార్డ్ వేషం బాగుంది కొరివిగారూ. మీసం ఎడమవైపు కొంచెం జారింది."

"గుడ్లగూబ ఎవరు?"

"ముఖం నేనూ చూడలేదు. క్లబ్ లాకర్లో రెండు పెడతాను, తీసుకుంటాడు. ఒకటి పెన్ను రీఫిల్లు. మీ ఫార్మసిస్టు చెవి వెనక రాసింది ఆ పెన్నే."

"ఇచ్చింది నువ్వేగా."

"ఇవ్వకపోతే నా చెవి వెనక రాసేవాడు." ఆమె మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆరిపోయింది. "రెండోది మందు సీసా. ఎఫ్-41."

కొరివి ఉలిక్కిపడ్డాడు.

"అవును. వాడికీ వైరస్ ఉంది. ఇంకే మందూ పనిచేయట్లేదు. జీవితాంతం సరిపడా స్టాకు ఇస్తామని ముఠా ఒప్పందం. రోజూ పదకొండింటికి వేసుకుంటాడు. ఊరందరికీ ఆ మందు దక్కకుండా చేసి, తను మాత్రం బతకాలని చూస్తున్నాడు!"

"థూ, వాడి బతుకు" అన్నాడు కొరివి. ఆ వెంటనే అతనికి ఒక ఆలోచన తట్టింది. కమిటీకి ఇచ్చే మంచినీళ్ల సీసాల మీద కొత్త లేబుళ్లు కావాలని మాస్టారుకి వైర్‌లెస్‌లో చెప్పాడు. మెగ్నీషియం, కాల్షియం దండిగా కలిపినవని పెద్ద అక్షరాల్లో ఉండాలి. లోపల మామూలు నీళ్లే.

"నీళ్లలో ఉండేపాటి లోహంతో నిజానికి ఏమీ కాదు బాబూ" అంది చెవిలోని వైర్‌లెస్‌లో డాక్టరమ్మ గొంతు.

"తెలుసండీ. కానీ నీళ్లసీసా మీద లేబులు ఎవడు చదువుతాడు? చదివినా ఎవడు భయపడతాడు? లోహం ఏం చేస్తుందో తెలిసినవాడే. అందరికంటే బాగా తెలిసింది బిళ్లలు పంచినవాడికే కదా."

* * *

కమిటీ హాల్లో ఏసీ చలి. పొడుగాటి బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. తెల్లటి గడ్డంతో ఛైర్మన్, లావుపాటి ప్రొఫెసరు, గణాంకాల నిపుణురాలు, లాయరు, రిటైరైన ఆఫీసరు. గోడ గడియారంలో మాస్టారు పెట్టించిన కెమెరా ఉంది. కొరివి కప్పులు సర్దుతూ ఒక్కొక్కరినీ చదువుతున్నాడు.

ప్రొఫెసరే అనిపించింది. చొక్కా గుండీలు తెగేలా ఉన్నాయి. గంటలో నాలుగైదు ఆవులింతలు. నిద్రలేదు, ఒళ్లు చేశాడు. ఇంకేం కావాలి? కొరివి జేబులో పిస్టల్‌ని ఒకసారి తడుముకున్నాడు. ఛైర్మన్‌కి విషయం చెప్పి సాయం అడగాలని కూడా అనుకున్నాడు. ఆయన కొత్తవాడు కాదు. అక్క ఉన్న హాస్పిటల్‌కి అప్పట్లో సూపరింటెండెంటు. "దేవుడురా ఆయన. వార్డులో అందరి తలా నిమురుతాడు" అనేది అక్క. శ్మశానం దాకా వచ్చి కొరివి భుజం మీద చెయ్యి వేశాడు కూడా.

గడియారం పదకొండు కొట్టింది. టీ విరామం. కొరివి సీసాలు పెట్టాడు.

ప్రొఫెసరు ఒక సీసా ఎత్తి దించకుండా తాగేసి రెండోది అందుకున్నాడు. లాయరు తన బీపీ బిళ్ల ఆ నీళ్లతోనే మింగాడు. ఆఫీసరు పుక్కిలించాడు. నిపుణురాలు సగం తాగి సగం మొక్కకు పోసింది. ఛైర్మన్ మూత తీశాడు, సీసా పెదాల దాకా తెచ్చాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. సీసా కింద పెట్టి, తడి తగిలిన పెదవిని రుమాలుతో గట్టిగా తుడుచుకున్నాడు.

"బాబూ, మామూలు నీళ్లు లేవా?"

"ఇవే ఉన్నాయి సార్."

"పర్లేదులే. చేతులు కడుక్కొస్తా."

కొరివి ట్రే బల్ల మీద పెట్టేశాడు. ఇన్నాళ్లూ తట్టలేదు గానీ, ఈ గొంతే. వార్డులో మంచం పక్కన నిలబడి, "వేసుకో తల్లీ, బలం వస్తుంది" అన్న గొంతు. ఆ చేత్తోనే అక్క అరచేతిలో బిళ్ల పెట్టాడు. ఆ చేత్తోనే తల నిమిరాడు. ఆ చేత్తోనే శ్మశానంలో... ఛీ!

వరండాలో సెంటు మేడమ్ ఛైర్మన్ చెవిలో ఏదో చెప్పి వెళ్లిపోవడం కనబడింది. నమ్మించి గొంతు కోసిందన్నమాట. సరే, ఆమె సంగతి తర్వాత.

కొరివి వాష్‌రూమ్ తలుపు తోశాడు. తోసీ తోయగానే చెవి వెనక చల్లగా పెన్ను మొన ఆనింది.

"మీసం జారిందయ్యా" అన్నాడు ఛైర్మన్. అద్దంలో ఆయన మొహం ప్రశాంతంగా ఉంది. నాలుక మీద బిళ్ల, కుళాయి నీళ్ల గుక్క, మింగేశాడు. "ఆ అమ్మాయి ఇప్పుడే చెప్పింది నువ్వెవరో. నాకూ గుర్తొచ్చింది. మీ అక్క మంచి మనిషి. ఒక్కరోజు కూడా బిళ్ల మానలేదు."

"నిన్ను దేవుడంది."

"నేనేం అనమనలేదే." పెన్ను నొక్కాడు.

బుస్సుమంది. కొరివి కళ్లు మూసుకున్నాడు. చావు వాసన ఎలా ఉంటుందో అతనికి తెలియదు గానీ, మల్లెపూల వాసన రావడం మాత్రం విడ్డూరంగా తోచింది. కళ్లు తెరిచాడు. బతికే ఉన్నాడు. మెడంతా సెంటు.

ఛైర్మన్ పెన్నుకేసి తెల్లబోయి చూస్తున్నాడు. రీఫిల్లు నింపే మనిషి పార్టీ మార్చిన సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది.

కొరివి ఒక్క ఉదుటున ఆయన గొంతు పట్టి గోడకు అదిమాడు. పిస్టల్ నుదుటికి ఆనించాడు. ఎన్నాళ్లుగా కాచుకున్న క్షణం! వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

"కాల్చు" అన్నాడు ఛైర్మన్, ఊపిరాడక. "టీ అవగానే ఓట్లు మొదలెట్టమని, నాది రద్దుకేనని చెప్పే వచ్చాను. ఇంకో రెండు చేతులు లేస్తే చాలు. లెక్కపెట్టమని ప్రొఫెసరుకి చెప్పాను. నన్ను చంపితే నేను హంతకుడి చేతిలో పోయిన పెద్దమనిషిని. మందు మాత్రం పోతుంది. నీకు ఏది కావాలి?"

చెవిలో మాస్టారు గొంతు. "కొరివీ, లాయరు చెయ్యెత్తేశాడు!"

కొరివికి చంపాలనే ఉంది. ఒళ్లంతా అదే అరుస్తోంది. కానీ కళ్ల ముందు వంటింటి స్టూలు, ఊగుతున్న రెండు కాళ్లు. పిస్టల్ దించి, ఛైర్మన్ కోటు కాలర్ పట్టుకుని, ఈడ్చుకుంటూ పరిగెత్తాడు.

హాల్లో ప్రొఫెసరు, "రద్దుకి ఛైర్మన్‌గారిదొకటి, లాయరుగారిదొకటి. ఆ కిడ్నీ అంకెలు చూశాక నాకూ తప్పేట్టు లేదు" అంటూ లావుపాటి చెయ్యి లేపుతున్నాడు. చెయ్యి చెవి దాకా వచ్చింది.

కొరివి ఛైర్మన్ జేబులోంచి సీసా లాగి బల్ల మీద దబ్బున పెట్టాడు. మూత ఊడి బిళ్లలు దొర్లాయి. ప్రొఫెసరు గాల్లో ఉన్న చేత్తో తల గోక్కున్నాడు. తర్వాత ఒక బిళ్ల తీసి వెలుతురుకి పట్టి చూశాడు.

"41 అని ముద్ర ఉంది. ఛైర్మన్‌గారూ, మనం రద్దు చేస్తున్న మందు మీ జేబులో ఏం చేస్తోందండీ?"

"ఎవరో పెట్టారు. వీడే పెట్టాడు!"

"అయితే రక్తం తీసి చూద్దాం. ఉంటే తెలిసిపోతుంది" అంది నిపుణురాలు, ఎంతో మర్యాదగా.

"అవసరం లేదు. ఆ సీసా లాకర్లో పెట్టింది నేను" అన్న మాట తలుపు దగ్గర్నుంచి వినబడింది. మల్లెల వాసన హాలంతా నిండింది. "పెన్నులో విషం ఎవరు పోయించారో కూడా చెబుతాను. కూర్చోండి, కాస్త పెద్ద కథ."

కొరివి గులాబీ బిళ్ల తీసి ఛైర్మన్ ముందు పెట్టాడు. "వేసుకో. బలం వస్తుంది."

ఛైర్మన్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పాము పిల్లని చూసినట్టు చూశాడు ఆ బిళ్లని. అదేంటో అందులో ఏముందో తెలియనివాడు అలా చూడడు. ప్రొఫెసరు ఎత్తిన చెయ్యి పూర్తిగా దించేసి, "నా ఓటు మందుకే. రాసుకోండి" అన్నాడు.

బయటికి వచ్చాక సెంటు మేడమ్‌ని కొరివి నిలదీశాడు. "ముందే చెప్పొచ్చుగా!"

"ఆ నీళ్లు వద్దనగానే ఆయనే అని తెలిసి, పెన్ను బయటికి తీయించాలనే మీరెవరో చెప్పాను. పెన్నుకి మీరు భయపడకపోతే ఆయన అనుమానపడేవాడు. మీకు నటించడం రాదు. మీసం కూడా నిలబడదు."

* * *

డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో మాస్టారు చాక్‌పీసు కింద పెట్టేశాడు. అంటే ఇది బొమ్మ గీసి చెప్పే విషయం కాదన్నమాట.

"జైలు డాక్టరు అడుగుతున్నాడు. అతనికి ఎఫ్-41 కొనసాగించాలా అని. ఫార్మసిస్టు దాచిన బలం బిళ్లలు కూడా ఒక డబ్బా దొరికాయి." ఆయన డబ్బాను బల్ల మీద కొరివి వైపు నెట్టాడు.

కొరివి డబ్బా తెరిచాడు. ఇవి రోజూ ఒకటి కలిపితే చాలు. అక్క చచ్చినట్టే చస్తాడు. మందు వేసుకుంటున్నాననుకుంటూ, రోజుకింత చిక్కిపోతూ. అనుకుంటేనే నోట్లో నీళ్లూరుతున్నాయి. దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా అతను చేయలేదు.

లేచి వెళ్లి డబ్బాను సింకులో బోర్లించి కుళాయి తిప్పాడు.

"మందివ్వండి మాస్టారూ. రోజూ, మంచినీళ్లతో. ఒక్క పూట తప్పకూడదు. వాడు నూరేళ్లు బతకాలి. ఇంకొకటి. మంచానికి ఎదురుగోడ మీద, చెయ్యందని ఎత్తులో, మా అక్క ఫొటో పెట్టించండి."

"ఇది దయా, కక్షా నాయనా?"

"కక్షే మాస్టారూ."

నెల తిరక్కుండానే జైలు నుంచి కబురొచ్చింది. ఖైదీ ఆరోగ్యం దివ్యంగా ఉంది. కాస్త ఒళ్లు కూడా చేశాడు. నిద్ర మాత్రం లేదు. తెల్లవార్లూ కళ్లు విప్పార్చుకుని కూర్చుంటున్నాడు. కునుకు పడితే కెవ్వున లేచి, "ఆవిడని బయటికి పంపండి, తల నిమరొద్దని చెప్పండి" అని వార్డర్ల కాళ్లు పట్టుకుంటున్నాడు. నిద్రమాత్ర ఇప్పించమని డాక్టరమ్మకే అర్జీ పెట్టుకున్నాడు.

"ఏం చేద్దాం బాబూ?" అని అడిగింది డాక్టరమ్మ ఫోన్లో.

"ప్రాణం నిలబెట్టే మందండీ అది. ఆపాటి సైడ్ ఎఫెక్టు భరించక తప్పదు" అని ఫోన్ పెట్టేశాడు కొరివి.

వంటింట్లో మేనకోడలు స్టూలెక్కి కూర్చుంది. బిళ్ల మింగి, గ్లాసు దించి, మూతి ముడిచింది.

"మామయ్యా, ఈమధ్య అమ్మ రోజూ కలలోకి రావట్లేదు."

కొరివి దాని జడకు రిబ్బను ముడివేశాడు. ఈసారి ఒక్కసారికే కుదిరింది.

"పని మీద తిరుగుతోందిలే" అన్నాడు.